స్లాబ్ పనిని గందరగోళం లేకుండా నడిపించడం ఎలా?

స్లాబ్ వేసే ఇంటి దగ్గర సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోసే కర్రలు, రేకుల అమరిక) వాళ్లు, కడ్డీలు కట్టేవాళ్లు, ఎలక్ట్రీషియన్, కాంక్రీటు ముఠా ఒకరి వెనుక ఒకరు దిగుతారు. ఎవరి పని వారికి వచ్చు. తప్పులు దొర్లేది ఒకరి పని ముగిసి మరొకరి పని మొదలయ్యే చోట. ఫ్యాను హుక్కు ఎలక్ట్రీషియన్ పెడతాడని కడ్డీల మేస్త్రి, మేస్త్రే పెడతాడని ఎలక్ట్రీషియన్ అనుకుంటే, చివరికి ఎవరూ పెట్టరు.

మొదట, ఎవరి మాట చెల్లుతుందో తేల్చండి. ఇంజనీరు ఒకటి, యజమాని ఒకటి, యజమాని బావమరిది ఇంకొకటి చెబితే మేస్త్రి ఏం చేయగలడు? ఇంట్లోవారు ఏ మార్పు కోరినా ఇంజనీరు ద్వారానే చెప్పాలి.

ముందు రోజు సాయంత్రం మేస్త్రీలందరినీ పైకి పిలిచి, ప్లాను పట్టుకుని గదిగదికీ నడవండి. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. "అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా "అర్థమైంది సార్" అనే అంటారు. "ఈ గదిలో ఏమేం పెట్టారో చూపించండి" అని అడగండి. ఎలక్ట్రీషియన్ వేలితో చూపిస్తూ ఫ్యాను బాక్సు, లైటు పాయింట్లు, గోడలోకి దిగే పైపులు చెబుతుంటే మరిచిపోయినది అక్కడికక్కడే బయటపడుతుంది. కడ్డీల కింద కవర్ బ్లాకులు (కడ్డీని రేకుకు తగలకుండా ఎత్తి ఉంచే చిన్న దిమ్మెలు) ఉన్నాయో లేదో వంగి చూడండి. కడ్డీ సెంట్రింగ్ రేకుకు ఆనుకుంటే ముందుముందు తుప్పు తప్పదు.

కాంక్రీటు పోస్తున్నంతసేపు సెంట్రింగ్ మనిషి ఒకరు కింద సురక్షితమైన చోట నిలబడి ఆధారపు కర్రలను గమనిస్తుండాలి. ఏది కుంగినా పని ఆపించే హక్కు ఆయనకుందని అందరి ముందూ చెప్పండి. ఆపింది ఉత్తపుణ్యానికే అని తేలినా ఒక్క మాట అనకండి. ఒకసారి తిట్లు తిన్నవాడు రెండోసారి కేక వేయడు.

పోయడం సులువవుతుందని ముఠా నీళ్లు ఎక్కువ కలుపుతుంటే, మేస్త్రిని పక్కకు పిలిచి మాట్లాడండి. స్లాబ్ బలం తగ్గుతుందని కారణం చెప్పండి. తన మనుషుల ముందు పరువు పోయిన మేస్త్రి మాట ఆ తర్వాత వాళ్లూ వినరు.

స్లాబ్ వేశాక, మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసినదైతే 10 రోజులు దాని తడి ఆరకూడదు. ఎండలు ముదిరితే మామూలు సిమెంటుకు 10, ఫ్లైయాష్ కలిసినదానికి 14 రోజులు. నీళ్లు పట్టే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. ఆ పేరు, స్లాబ్ వేసిన తేదీ, ఇంజనీరు చెప్పిన సెంట్రింగ్ విప్పే తేదీ గోడ మీద సుద్దముక్కతో పెద్దగా రాయండి.