సెయింట్ మాలో చూడాలంటే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి

ఫ్రాన్సు యాత్రకు వెళ్లే మన హైదరాబాదువారిలో చాలామంది పారిస్ చూసి నేరుగా స్విట్జర్లాండు దారి పడతారు. ఆ ప్రయాణంలో రెండు రోజులు మిగుల్చుకోగలిగితే ఫ్రాన్సు వాయవ్యాన ఉన్న బ్రిటనీ ప్రాంతపు తీరంలోని పాత రేవు పట్టణం సెయింట్ మాలోకు వెళ్లమని గట్టిగా చెబుతాను. పారిస్‌లోని మోంపర్నాస్ స్టేషనులో ఎక్కే టీజీవీ అనే వేగ రైలు దాదాపు రెండున్నర గంటల్లో అక్కడికి చేరుస్తుంది. నేరుగా వెళ్లే రైలు దొరకకపోతే రెన్ పట్టణంలో దిగి మారవచ్చు.

అయితే హోటలు గది కన్నా ముందు చూసుకోవలసినది ఆటుపోట్ల పట్టిక. విశాఖ తీరంలో పోటుకూ పాటుకూ నడుమ నీటిమట్టంలో తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. ఇక్కడ పెద్ద పోట్ల రోజుల్లో అది పన్నెండు మీటర్లు దాటుతుంది. అట్లాంటిక్ నుంచి ఇంగ్లిష్ చానెల్‌లోకి వచ్చే పోటు కొతాంతాన్ ద్వీపకల్పం అడ్డుపడడంతో ఈ అఖాతంలోనే పోగుపడి పైకి లేస్తుంది. పట్టికలో ప్రతి పోటుకూ 20 నుంచి 120 వరకు ఒక అంకె ఇస్తారు. అది 95 దాటితే పెద్ద పోటు అని గ్రహించాలి. మార్చి, సెప్టెంబరు నెలల్లో అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు ఇవి బలంగా వస్తాయి. అలాంటి రోజుల్లో పొద్దున, సాయంత్రం నీరు గోడలను తాకుతుంది, మధ్యాహ్నం వేళ సముద్రపు అడుగు బయటపడుతుంది కనుక పగటి కార్యక్రమాన్ని దాన్నిబట్టే వేసుకోవాలి.

నీరు వెనక్కి తగ్గిన వేళను గ్రాండ్ బే దీవికి కేటాయించండి. బోన్ సెకూర్ బీచి మీదుగా రాళ్లు పరచిన దారిలో నడిచి ఆ దీవికి చేరవచ్చు. ఆ రాళ్లకు పాచి, సముద్రపు నాచు పట్టి ఉంటాయి కనుక చెప్పులతో కాక పట్టున్న బూట్లతో వెళ్లాలి. దీవి అంచున, 1768లో ఈ ఊళ్లోనే పుట్టి 1848లో కన్నుమూసిన రచయిత షాతోబ్రియాండ్ సమాధి ఉంది. సమాధి రాతిపై ఆయన పేరు చెక్కలేదు. సముద్రానికి ఎదురుగా ఒక రాతి సిలువ, చుట్టూ తక్కువ ఎత్తున ఇనుప కమ్మీలు, అంతే. నీరు తిరిగి ఎక్కడం మొదలుపెట్టిందంటే ఆలస్యం చేయకుండా వెనుదిరగాలి. దారి మునిగిపోతే నీటిలో దిగి దాటే ప్రయత్నం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. నీరు తగ్గేదాకా గంటల తరబడి దీవిపైనే ఉండిపోవడమే క్షేమం. ఫ్రెంచి కోటల ఇంజనీరు వోబాన్ ప్రణాళిక ప్రకారం 1689లో కట్టిన నేషనల్ కోటకు కూడా ఇలాగే పాటు వేళ నడిచి వెళ్లాలి. దానిపై జెండా ఎగురుతుంటే తెరిచి ఉన్నట్టు లెక్క.

పోటు వేళ మీరు ప్రాకారం మీద ఉండాలి. పట్టణం చుట్టూ దాదాపు రెండు కిలోమీటర్లు సాగే ఈ గోడ మీద నడవడానికి టికెట్టు లేదు. గోల్కొండ గ్రానైటు గోడలు ఎరిగిన మనకు ఈ రాయి కొత్త కాదు కాని, దాని అడుగున అలలు విరిగిపడడం కొత్త. హాలండ్ బురుజు దగ్గర 1534లో కెనడా వైపు ఓడ నడిపిన జాక్ కార్టియే విగ్రహం కనిపిస్తుంది. రాత్రుళ్లు రేవును కాయడానికి వదిలే కాపలా కుక్కలను కట్టేసిన చోటు కూడా ఈ బురుజే. ఆ ఆచారం 1770లో ఆగిపోయింది. ఇంకొంచెం నడిస్తే సముద్రం వైపు వేలు చూపుతూ నిలబడిన సుర్కూఫ్ విగ్రహం. శత్రువుల ఓడలను పట్టుకోవడానికి ప్రభుత్వ అనుమతి పొందిన ఫ్రెంచి నావికుడు ఈయన. ఇతను 1800లో మన బంగాళాఖాతంలోనే ఆంగ్లేయుల కెంట్ అనే పెద్ద ఓడను పట్టుకున్నాడు. 1746లో మద్రాసును ఆంగ్లేయుల నుంచి గెలిచిన ఫ్రెంచి నౌకాదళ నాయకుడు లా బూర్దొనే కూడా 1699లో ఇక్కడే పుట్టాడు. ఫ్రెంచివారి పాలనలో ఉన్న యానాం చరిత్ర తెలిసినవారు, మూసారాంబాగులో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి చూసినవారు ఈ పేర్ల దగ్గర కాస్త ఆగితే నడక మరింత అర్థవంతమవుతుంది.

గోడ లోపలి వీధులను చూసి అన్నీ మూడు నాలుగు వందల ఏళ్ల నాటివనుకుంటారు. కాని రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 ఆగస్టు ముట్టడిలో ఈ పట్టణంలో సుమారు ఎనభై శాతం కాలి కూలిపోయింది. గోడలు మాత్రం చాలావరకు నిలిచాయి. 1948 నుంచి 1960 వరకు గ్రానైటుతో, పాత వీధుల పోలికను వీలైనంత నిలుపుతూ మళ్లీ కట్టారు. ఇది అసలుది కాదని పెదవి విరిచేవారున్నారు, నేను ఒప్పుకోను. బూడిదైన ఊరిని దాని సొంత రాతితో నిలబెట్టుకున్న తీరే ఇక్కడ అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసినది. సెయింట్ విన్సెంట్ కేథడ్రల్‌లోకి తప్పక వెళ్లండి. 1535లో రెండో యాత్రకు ముందు కార్టియే మోకరిల్లి ఆశీర్వాదం తీసుకున్న చోటును నేలపై మొజాయిక్‌తో గుర్తించారు.

భోజనానికి గాలెట్లు అనే అట్లు ఉన్నాయి. మన కిరాణా కొట్లలో కుట్టు ఆటాగా దొరికే పిండితోనే వాటిని పల్చగా పోస్తారు. కోంప్లెత్ అని మెనూలో ఉండే రకంలో పంది మాంసం వేస్తారు కనుక, తిననివారు 'సాన్ జాంబోన్' అని ముందే చెప్పి గుడ్డు, చీజుతో చేయించుకోవచ్చు. వేసవిలో వెళ్లినా గాలి ఆపే జాకెట్టు ఒకటి పెట్టుకోండి. ప్రాకారం మీద సాయంత్రం గాలి చాలా చల్లగా వీస్తుంది.