సర్కారు బడి మంచిదా, కాదా? పైకి కనిపించేది ఒకటి, అసలు కారణం ఇంకొకటి

నేను టీచర్ని కాను. ఇద్దరు పిల్లల్ని తిరుపతిలో ఒక సర్కారు ప్రాథమిక బడిలో చదివించాను, కొంతకాలం ఆ బడి కమిటీలో ఉన్నాను. నా అర్హత అంతే. జూన్ వచ్చిందంటే మా వీధిలో ఎవరో ఒకరు "ఆ బడి బాగుంటుందా అక్కా?" అని అడుగుతారు. ఒక్క ముక్కలో జవాబు చెప్పి రెండు మూడుసార్లు మాట పడ్డాను. జ్వరం వచ్చిన ప్రతివాడికీ టైఫాయిడ్ కానట్టే, బడిలో కనిపించిన ప్రతి లోపానికీ కారణం టీచరే కాదు. అలాగని అన్నిటికీ సర్కారును తిట్టి ఊరుకుంటే మన పిల్లకు చదువు రాదు. అందుకే ఏది కనిపిస్తే దేన్ని అనుమానించాలో, తర్వాత ఎవరి దగ్గరికి వెళ్ళాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

బడి చూడ్డానికి పొద్దున పదిన్నర ప్రాంతంలో, మామూలు రోజున వెళ్ళండి. ఆగస్టు 15న అన్ని బళ్ళూ బాగుంటాయి. హెడ్‌మాస్టరుకు చెప్పే వెళ్ళండి, దొంగచాటుగా కిటికీలోంచి చూడాల్సిన పని లేదు. రంగులూ గోడబొమ్మలూ చూసి మురిసిపోవద్దు. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు (సర్కారు బళ్ళను బాగుచేసే పథకం) పనులతో చాలా బళ్ళకు కొత్త ముఖం వచ్చింది, మంచిదే. కానీ గోడకు రంగేసిన మేస్త్రి మన పిల్లకు గుణింతం నేర్పడు.

పాఠం గడగడా చదువుతుంది, కొత్త పేజీ తీస్తే నీళ్ళు నములుతుంది

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. మిగతావి చూసే ఓపిక లేకపోయినా దీన్ని మాత్రం వదలొద్దు. మా పెద్దమ్మాయి రెండో తరగతిలో పుస్తకమంతా తిరగకుండా చదివేది. ఒకరోజు పేజీ మధ్యలో వేలు పెట్టి "ఇక్కడ్నుంచి చదువమ్మా" అన్నాను. ముందు పంక్తి నుంచి ఎత్తుకుంటే తప్ప నోరు పెగల్లేదు. అదంతా కంఠస్థం!

మూడో తరగతి బిడ్డ చేత ఎప్పుడూ చూడని ఆరు వాక్యాలు చదివించండి. నేను వాడేది ఇది, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి:

చెరువు గట్టు మీద కొంగ నిలబడింది. దాని ముక్కులో చిన్న చేప ఉంది. ఇంతలో కుక్క మొరిగింది. కొంగ బెదిరి నోరు తెరిచింది. చేప మళ్ళీ నీళ్ళలో పడింది. సాయంత్రం దాకా కొంగ అక్కడే ఉంది.

ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి కారణం తెలుస్తుంది. "చెరువు" దగ్గరే తడబడితే గుణింతాలు రాలేదు, అంటే ఒకటో తరగతి పనే మిగిలిపోయింది. "గట్టు"ను "గటు" అని, "ముక్కు"ను "ముకు" అని చదివితే ఒత్తు కంటికి ఆనడం లేదు. "సాయంత్రం" దగ్గర బండి ఆగిపోతే సంయుక్తాక్షరాలు చేతికి రాలేదు. ఇవన్నీ దాటి గడగడా చదివేసి, "చేప ఎట్లా తప్పించుకుంది?" అని అడిగితే దిక్కులు చూస్తే, చదవడం వచ్చింది కానీ అర్థం చేసుకోవడం రాలేదు. జబ్బులు వేరు కాబట్టి మందులూ వేరు. గుణింతాలు రాని బిడ్డ చేత కథల పుస్తకం చదివిస్తే ఏడుపొస్తుంది. అర్థం కాని బిడ్డ చేత మళ్ళీ గుణింతాలు రాయిస్తే విసుగొస్తుంది.

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యాల ప్రకారం మూడో తరగతి బిడ్డ నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. స్టాప్‌వాచ్ పట్టుకుని టెన్షన్ పడకండి. తెలుగులో "వెళ్ళలేకపోయింది" అన్నదంతా ఒక్క పదమే, హిందీలో అయితే అదే మాట మూడు నాలుగు ముక్కలవుతుంది. లెక్క తగ్గినా పరవాలేదు, ఆగకుండా సాగుతోందా లేదా చూడండి.

ఇంకో కారణం మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కనిపిస్తుంది. నగరి, సత్యవేడు వైపు చాలా ఇళ్ళలో మాట్లాడేది తమిళం. చిత్తూరు టౌనులో ఉర్దూ ఇళ్ళు తక్కువేం కాదు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, ప, బ లకూ అంతే. ఆ ఇంటి బిడ్డ "గడప"ను "కడప" అంటే మొద్దు అని కాదు, చెవికి ఆ తేడా ఇంకా అలవాటు కాలేదని. మంచి టీచరు దీన్ని పట్టుకుని నోటితో పలికించే ఆటలు ఆడిస్తుంది. చెడ్డ టీచరు ఎర్ర సిరాతో సున్నాలు చుడుతుంది. బడిని తూచడానికి నాకు ఈ ఒక్క తేడా చాలు.

ఇంట్లో చేయదగినది: రోజూ పది నిమిషాలు పాఠ్యపుస్తకంలో లేనిదేదైనా చదివించడం. బస్సు బోర్డు, దుకాణం పేరు, పెళ్ళి పత్రిక, ఏదైనా సరే. బడిలో అడగదగినది: "మా పాప ఏ మెట్టులో ఉంది సార్?" జవాబుగా "బాగా చదువుతుందమ్మా" అంటే వాళ్ళకు తెలియదని అర్థం. "ఒత్తుల దగ్గర ఆగుతోంది, వారంగా విడిగా కూర్చోబెడుతున్నాను" అంటే ఆ బడిని వదలొద్దు.

52లోంచి 27 తీసేస్తే 35 అంటాడు

పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు, పైదేదో కిందదేదో పట్టించుకోలేదు. పదులు, ఒకట్లు అంటే ఏమిటో తెలియకుండానే "అప్పు తెచ్చుకోవడం" నేర్పేశారన్నమాట. ఇదే అబ్బాయి సాయంత్రం వాళ్ళమ్మ పూల బుట్ట దగ్గర కూర్చుంటే చిల్లర తప్పు ఇవ్వడు! ఐదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు చేతిలో పెట్టి 27 ఇమ్మనండి. నోటు మార్చుకోకుండా ఇవ్వలేనని వాడే చెబుతాడు. అది కాగితం మీదికి ఎక్కించడమే టీచరు పని. తరగతిలో పుల్లలు, గింజలు, పూసలు వాడిన ఆనవాళ్ళు ఉన్నాయో లేదో చూడండి. అవి కవరు విప్పకుండా బీరువాలో ఉంటే కారణం మీకు దొరికినట్టే.

"ఐవోర్లు ఇద్దరే ఉండారంట గదా, ఆ బడికా పంపిస్తావు?"

మా అత్తమ్మ అన్న మాట ఇది. నేనూ భయపడ్డాను. కానీ లెక్క చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు, 200 దాకా ఐదుగురు. అంటే 45 మంది ఉన్న బడిలో ఇద్దరే ఉండటం లోపం కాదు, నిబంధనే అంత. 100 మంది ఉండి ఇద్దరే ఉంటే మాత్రం అది ఖాళీ పోస్టు, అప్పుడు అడగాలి. పిల్లలెందరో టీచర్లెందరో తెలుసుకోవడానికి యూడైస్ (బళ్ళ వివరాలుండే సర్కారు) వెబ్‌సైటులో బడి పేరుతోనో 11 అంకెల కోడుతోనో వెతకొచ్చు. అక్కడుండేది ఈ నెల లెక్క కాదు కాబట్టి ఇప్పటి సంఖ్య హెడ్‌మాస్టరును అడగండి.

ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు నడిపేటప్పుడు చూడాల్సింది వాళ్ళ ముందున్న పిల్లల్ని కాదు, వాళ్ళు చూడని పిల్లల్ని. మూడో తరగతికి పాఠం చెబుతుంటే పక్కనున్న ఒకటో తరగతి ఏం చేస్తోంది? చేతిలో పనుందా, లేక "చేతులు కట్టుకుని కూర్చోండి" అన్నారా? మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బళ్ళలో ఒకే గదిలో, ఒకే టీచరుతో అన్ని తరగతులూ నడిపారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద నిచ్చెన లాంటి పటం పెట్టారు. ఏ బిడ్డ ఏ మెట్టు మీదుంటే ఆ కార్డు తీసుకుంటుంది. ఆ పద్ధతిని తర్వాత చాలా రాష్ట్రాలు తీసుకున్నాయి. మన ఇంటి పక్కన పుట్టిన పద్ధతి మన బళ్ళలో అంతంతమాత్రంగానే కనిపించడం నాకు కాస్త బాధే.

ఇంకొకటి, పాత మాట నమ్మొద్దు. 2022లో జీవో 117 పేరుతో చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్ళలో కలిపారు. 2025లో దాన్ని రద్దు చేశారు. ఆ ఏడాదే బదిలీలూ జరిగాయి, మెగా డీఎస్సీ టీచర్లూ వచ్చారు. మూడేళ్ళ కిందట పిల్లల్ని మాన్పించిన వాళ్ళు చెప్పే బడి ఇప్పుడు లేదు.

రిజిస్టర్లో 40, గదిలో 22

కారణం మూడు రకాలు. పనుల కోసం తల్లిదండ్రులు వేరే ఊరికి పోయి ఉండొచ్చు. పిల్ల ప్రైవేటుకు వెళ్తూ పేరు మాత్రం ఇక్కడ ఉండొచ్చు. లేదా పిల్లలకు బడి ఇష్టం లేక రాకపోవచ్చు. మొదటిది బడి తప్పు కాదు. రెండోది బడికి తెలిసే జరుగుతుంది. మూడోది అసలు సమస్య.

తేల్చుకోవాలంటే వంటక్కను అడగండి. ప్రాథమిక తరగతుల్లో తలకు 100 గ్రాముల బియ్యం లెక్క. 40 మందికి నాలుగు కిలోలు, 22 మందికి రెండుంబావు లోపే. "ఈ రోజు ఎసట్లో ఎంత బియ్యం పోశావక్కా?" అని మామూలుగా అడిగితే చాలు, వారం రోజులు కనుక్కుంటే అసలు హాజరు ఎంతో తేలుతుంది. ఆమెను సాక్షిగా మాత్రం నిలబెట్టకండి. వేలు చూపించే వాళ్ళు వెళ్ళిపోతారు, ఆమె మళ్ళీ అక్కడే వండాలి. అన్నం నచ్చకపోతే ఒకసారి పిల్లలతో కూర్చుని తినండి, తిన్న తర్వాత మాట్లాడితే ఎవరూ కాదనలేరు.

నోటుబుక్కుల నిండా టిక్కులే

ఐదుగురి పుస్తకాలు పక్కపక్కన పెట్టండి. అందరివీ ఒకే వాక్యాలు, తప్పులు కూడా ఒకేలా ఉంటే బోర్డు మీద రాసింది దించుకున్నారు, టీచరు చదవకుండా టిక్కు పెట్టారు. తనిఖీకి వచ్చేవాళ్ళు నిండిన పేజీలు చూస్తారు కాబట్టి ఇది టీచర్లకూ అలవాటైంది. ఒక్కో బిడ్డవి ఒక్కో తప్పులుండి, వాటి పక్కన దిద్దిన గుర్తులుంటే, ఆ మురికి పుస్తకమే మంచి పుస్తకం.

ఇంగ్లీషు మీడియం అంటారు, ఇంగ్లీషు రాదు

మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. బిడ్డను తెలుగు పేజీ మూసేసి ఇంగ్లీషు పేజీ చదవమనడం కంటే, పాఠంలో ఏముందో తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే భాష సంగతి తర్వాత, పాఠమే వెళ్ళలేదు. చెప్పగలిగితే ఇంగ్లీషు నిదానంగా వస్తుంది. ఈ విషయంలో మా ఆయనకూ నాకూ ఇప్పటికీ పొసగదు.

బాత్రూంకు తాళం

కట్టారా లేదా అని కాదు, ఇవాళ నీళ్ళు వస్తున్నాయా చూడాలి. మోటారు కాలిపోయి, బాగు చేయించేవాళ్ళు లేక తాళం వేస్తారు. ఆడపిల్లలు సాయంత్రం దాకా నీళ్ళు తాగడం మానేస్తారు. మీ పాప వాటరు బాటిల్ నిండుగా తిరిగొస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఇది కమిటీ స్థాయిలోనే తేలిపోయే పని, మా బడిలో ఒక మీటింగులోనే తేలింది.

పొద్దున్నే పొట్టనొప్పి, ఆదివారం లేదు

ఎవరో కొడుతుండొచ్చు లేదా ఏడిపిస్తుండొచ్చు. టీచరు కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది, "రెండు తగిలించండి సార్" అని మనమే చెప్పినా సరే. ముందు పిల్లతో, తర్వాత హెడ్‌మాస్టరుతో విడిగా మాట్లాడండి. దీనికి మాత్రం నెల రోజులు ఆగొద్దు.

తరగతిలో ఒకటే గోల

ఒకటి, రెండు తరగతుల్లో ఇది జబ్బు కాదు. పిల్లలు దేని గురించి అరుస్తున్నారో ఒక నిమిషం వినండి.

చెప్పినా కదలికే లేకపోతే

నోటితో హెడ్‌మాస్టరుకు, తర్వాత కమిటీలో. బడి కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళు ఉండాలి. మీటింగులో అన్నది మినిట్స్ పుస్తకంలో రాయించండి, లేకపోతే అది గాలిమాట. తర్వాత మండల విద్యాశాఖాధికారికి కాగితం మీద అర్జీ. టీచరు పోస్టు లాంటి పెద్ద విషయమైతే సోమవారం కలెక్టరేటులో ఇచ్చి రసీదు తీసుకోండి. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి, చిత్తూరు వేరు వేరు జిల్లాలు. చంద్రగిరి వాళ్ళు తిరుపతికి, పలమనేరు వాళ్ళు చిత్తూరుకు వెళ్ళాలి. అర్జీలో "బడి బాగాలేదు" అని రాయొద్దు. "98 మంది పిల్లలకు ఇద్దరు టీచర్లు ఉన్నారు, చట్టం ప్రకారం నలుగురు ఉండాలి" అని రాయండి.

ఒక టర్మ్ చూసినా కొంగ కథ చదవడంలో మార్పు రాకపోతే బడి మార్చడానికి మొహమాటపడకండి. చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు కిలోమీటరు లోపు బడి ఉండాలి కాబట్టి తిరుపతి లాంటి ఊళ్ళో రెండోది దగ్గర్లోనే దొరుకుతుంది. టీసీ ఆలస్యమైందనో, పుట్టినరోజు సర్టిఫికెట్ లేదనో కొత్త బడి చేర్చుకోనంటే అది కుదరదు, చట్టంలో రెండూ రాసి ఉన్నాయి. చేర్చే ముందు ఆ బడి మూడో తరగతిలో ఒకరిద్దరి చేత ఆ కాగితం చదివించడం మర్చిపోకండి.