ఆస్ట్రేలియా వెళ్తున్నారా? ముందు హైకోర్టు గోడ చూడండి

చెన్నైలో ఉంటూ ఆస్ట్రేలియా ట్రిప్ వేసుకునేవాళ్లకి ఒక మాట. కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ చూడాలనుకుంటే, బయల్దేరే ముందు ఒకసారి చెన్నైలోనే ప్యారీస్ కార్నర్ వైపు వెళ్లి హైకోర్టు ప్రహరీ దగ్గరున్న ఎమ్డెన్ శిలాఫలకం పిల్లలకి చూపించండి. ఎమ్డెన్ అంటే మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యుద్ధనౌక; 1914 సెప్టెంబర్ 22 రాత్రి అది మద్రాసు మీద గుండ్లు కురిపించి, రేవు దగ్గర ఆయిల్ ట్యాంకులు తగలబెట్టింది. ఇక్కడ తమిళంలో గడుసువాణ్ణి ‘ఎమ్డన్’ అనేది అందుకే.

అదే ఏడాది నవంబర్ 9న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల దగ్గర దాని పని పట్టింది ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ. ఎమ్డెన్ ఫిరంగి ఒకటి సిడ్నీ నగరంలో హైడ్ పార్క్ దక్షిణం మూల ఆరుబయటే ఉంది, టికెట్ లేదు. మా వాడు అంతవరకూ “ఇంకా ఎంతసేపు నాన్నా” అని నస పెట్టినవాడు, “ఇదేనా మన ఊరి మీద పేల్చింది?” అంటూ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

కాన్‌బెర్రా వార్ మెమోరియల్‌కి ప్రవేశం ఉచితమే, కానీ టైమ్ స్లాట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. మధ్యాహ్నం వెళ్తే సాయంత్రం జరిగే లాస్ట్ పోస్ట్ (చనిపోయిన సైనికులకి బ్యూగిల్ ఊది నివాళి ఇచ్చే) కార్యక్రమం కూడా చూడొచ్చు. సిడ్నీ నుంచి కారులో మూడు గంటల దారి, పులిహోర కట్టుకెళ్లండి.