ఖర్చు ఏది, టార్గెట్ ఏది?

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడటం మొదలుపెట్టిన కొత్తలో నన్ను బాగా తికమక పెట్టిన కార్డు ‘ఫ్లింగ్’. మన క్రీచర్‌ని (మన తరఫున పోరాడే జీవి కార్డుని) ఒకదాన్ని బలి ఇస్తే, దాని పవర్ (దాడి బలం) ఎంతో అంత డ్యామేజీ మనం ఎంచుకున్న టార్గెట్‌కి పడుతుంది. బలి ఇచ్చే క్రీచర్ కూడా టార్గెటే అనుకునేదాన్ని. కాదు, అది ఖర్చు.

కార్డు మీద ముందు ‘టార్గెట్’ అనే మాట వెతకండి. అది ఏ పదం పక్కన ఉందో అదే టార్గెట్. (ఆరా అనే రకం కార్డుల విషయంలో, ఈక్విప్ లాంటి కీవర్డ్‌ల, అంటే రూల్‌కి బదులుగా రాసే ఒక్క మాటల విషయంలో మాత్రం రూల్స్‌లో చూడాలి.) ‘అడిషనల్ కాస్ట్’ అని రాసి ఉన్నా, ఎబిలిటీలో (కార్డు చేయగల పని గురించి రాసిన చోట) కోలన్ గుర్తుకు ఎడమవైపు ఉన్నా అది ఖర్చు.

ఇక వరస. టార్గెట్‌ని ముందు ఎంచుకుంటాం, ఖర్చు ఆ తర్వాత కడతాం. ఈ రెండింటి మధ్యలో ఎదుటివాళ్లు ఏమీ చేయలేరు. ఒకసారి నేను 5 పవర్ క్రీచర్‌ని బలి ఇచ్చి ఫ్లింగ్ వేస్తే, ‘అయితే దాన్ని ముందే చంపేస్తా’ అన్నాడు ఎదుటి ఆటగాడు. అప్పటికే అది గ్రేవ్‌యార్డ్‌లో (చచ్చిన, వాడేసిన కార్డుల కుప్పలో) ఉంది, చంపడానికి ఏముంది? కానీ ఫ్లింగ్‌నే కౌంటర్ చేసి (పనిచేయకుండా రద్దు చేసి) ఉంటే మాత్రం నా క్రీచర్ తిరిగి వచ్చేది కాదు. కట్టిన ఖర్చు కట్టినట్టే.

నాకు బాగా నచ్చే ఎత్తు ఇంకోటి ఉంది. మీ క్రీచర్ ఒక్కదాన్నే టార్గెట్ చేసి వాళ్లు చంపే కార్డు వేశారనుకోండి, వెంటనే దాన్నే ఫ్లింగ్‌కి ఖర్చుగా వాడేయండి. టార్గెట్ లేక వాళ్ల కార్డు వృథా అవుతుంది.