బీరు రూపానికి మార్కులు వేసే ముందు

ముందు గ్లాసు సంగతి తేల్చుకోండి. సబ్బు, నూనె జిడ్డు మిగిలితే నురగ నిలవదు. బుడగలు గోడకు గుంపులుగా అతుక్కుంటే తప్పు గ్లాసుదే, బీరుది కాదు. బాగా కడిగి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. ఫ్రీజర్‌లో పెట్టిన గ్లాసు వద్దు. చెమట పట్టి తేట కనబడదు.

45 డిగ్రీలు వంచి పోస్తూ, సగం దాటాక నిలబెట్టండి. నురగ వివరాలు వెంటనే రాసుకోండి, అది మీకోసం ఆగదు. మిక్స్చర్ తిన్న మూతితో తాగినా కుంగిపోతుంది.

రంగుకు పగటి వెలుతురు, వెనక తెల్లకాగితం. స్టౌట్ లాంటి నల్లటి బీరుకైతే టార్చి.

మసకగా ఉంటే వెంటనే మార్కులు కోసేయకండి. చల్లదనానికి ప్రొటీన్లు, పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు జట్టుకట్టి వచ్చిన మసక కాస్త వెచ్చబడితే విడిపోతుంది. జర్మనీ గోధుమ బీరు హెఫెవైట్సెన్‌కు మసక ఉండాల్సిందే. దాన్నే వడకట్టి చేసే క్రిస్టల్‌వైట్సెన్‌లో కనిపిస్తే లోపం. ఏమైనా, బీరు జడ్జీలకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ బీజేసీపీ మార్కుల పత్రంలో రూపానికి 50లో 3 మార్కులే.