విధానాలూ నీతి విచారణా – మూడో పాఠం: కూడే ముందు విడదీయడం

గత పాఠంలో వాస్తవాన్నీ విలువనూ వేరు చేయడం నేర్చుకున్నాం. "తోపుడు బండ్ల వల్ల నడవడానికి చోటు లేదు" అన్నది టేపు పెట్టి తేల్చగలిగిన మాట. "కాబట్టి బండ్లు తీసేయాలి" అన్నది ఏ టేపుకూ అందదు. ఆ "కాబట్టి"లో దాగినదాన్ని బయటికి తీయడమే ఈ వారం పని.

విజయవాడ బీసెంట్ రోడ్డునే తీసుకుందాం. దుకాణాల ముందు గాజులు, దువ్వెనలు, పిల్లల గౌన్లు పరిచి అమ్మే చిరు వ్యాపారులను చూసే ఉంటారు. దసరా ముందు సాయంత్రం అక్కడ అడుగు తీసి అడుగు వేయడం కష్టం. వారిని అక్కడినుంచి తొలగించడం న్యాయమా?

చాలామంది మొదట పట్టుకునే కొలబద్ద 18వ శతాబ్దపు ఆంగ్ల తాత్త్వికుడు జెరెమీ బెంథామ్‌ది: ఎక్కువమందికి ఎక్కువ మేలు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి. జమీందారు బాధనూ కూలివాని బాధనూ ఒకే తక్కెడలో వేయమన్న లెక్క ఇది. ఆ కాలానికి అది చిన్న సాహసం కాదు.

ఇప్పుడు లెక్క వేసి చూడండి. వీధి ఖాళీ అయితే నడిచే వేలమందికి తలా రెండు నిమిషాలు కలిసివస్తాయనుకుందాం. గాజులమ్మే ఒక ఆమెకు బేరం పోతుంది. వేల రెండు నిమిషాలు కూడితే కొండంత అవుతుంది. కూడికలో తప్పు లేదు. కానీ ఆ కొండంత మేలును అనుభవించే మనిషి ఎక్కడా లేడు. ఎవరికైనా దక్కేది రెండు నిమిషాలే. నష్టం మాత్రం మొత్తంగా ఒక్క ఇంటి మీదే పడుతుంది: పొద్దున అప్పు చేసి తెచ్చిన సరుకు, సాయంత్రానికి కట్టవలసిన వడ్డీ, పిల్ల స్కూలు ఫీజు. అనేకమంది జీవితాలను ఒకే మనిషి జీవితమన్నట్టు కలిపేస్తుందని ఈ లెక్కను 1971లో అమెరికన్ తాత్త్వికుడు జాన్ రాల్స్ తప్పుపట్టాడు. ఆయన మాట నాకు సరైనదనిపిస్తుంది.

అందుకే కూడకముందు విడదీయండి. ఒక్కొక్కరి పేరునా ఒక వరుస గీసి మూడు సంగతులు రాయండి: ఏం పోతుంది, పోయింది తిరిగి వస్తుందా, వేరే దారి ఉందా.

జాలితో గాజులామె దగ్గరే ఆగిపోతే అభ్యాసం చెడిపోతుంది. చక్రాల కుర్చీలో వచ్చే మనిషికి కూడా ఒక వరుస గీయండి. ఆయనకు పోయేది రెండు నిమిషాలు కాదు, ఆ వీధే. ఈ రెండు వరుసలూ పక్కపక్కన చూసినప్పుడే "తీయాలా, వద్దా" అన్న ప్రశ్న చాలదని తెలుస్తుంది. ఎంత వెడల్పు వదలాలి, ఎవరిని ఎక్కడికి జరపాలి, ఆ చోట బేరం ఉంటుందా అన్నవి ముందుకు వస్తాయి.

న్యాయస్థానం కూడా రెండు వరుసలూ చూసింది. బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవారి కేసులో 1985లో సుప్రీంకోర్టు, జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందన్నది. పేవ్‌మెంట్‌ను ఆక్రమించే హక్కు మాత్రం లేదనీ అన్నది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించకూడదు. తరలించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణంలో వీధి వ్యాపార విషయాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఈ చివరి నిబంధన దగ్గర కాసేపు ఆగండి. భారం మోసేవారికి నిర్ణయంలో చోటివ్వడం లాభనష్టాల కూడికలోంచి పుట్టే ఆలోచన కాదు.

అభ్యాసం: గుంటూరులోనో మీ ఊళ్లోనో రద్దీ వీధి ఒకటి ఎంచుకుని, కనీసం ఐదుగురికి వరుసలు గీయండి. ఇద్దరినైనా స్వయంగా అడిగి రాయండి. ఆ ఐదుగురిలో మీరెవరో మీకు తెలియదనుకుని, ఆ వీధికి ఒక నియమం రాయండి. రాల్స్ చెప్పిన పరీక్ష అదే. రాసిన కాగితం దాచండి. వచ్చే వారం భూసేకరణలో సమ్మతి గురించి మాట్లాడుకునేటప్పుడు దానితోనే మొదలుపెడదాం.