చిగుళ్లకు గ్రాఫ్ట్ వేయించుకోబోతున్నారా? కత్తి పెట్టక ముందూ, కుట్లు విప్పేదాకా పాటించాల్సిన జాగ్రత్తలు

అద్దంలో పళ్లు పొడుగైనట్లు కనిపిస్తాయి. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది. కోరపన్ను మొదట్లో గోటికి చిన్న గాడి తగులుతుంది. చిగురు జారినవారు చెప్పే మాటలు దాదాపు ఇవే. నిజానికి పన్ను పెరగదు. దాని మెడను కప్పి ఉంచిన చిగురు వెనక్కి పోయి, లోపల ఉండాల్సిన వేరు బయటపడుతుంది. వేరు మీద ఎనామెల్ ఉండదు కనుక చల్లదనం, పులుపు వెంటనే నరానికి తెలుస్తాయి. అలా పోయిన చిగురు తనంతట తాను తిరిగి రాదు. ఏ పేస్టు రాసినా, ఏ నూనె పుక్కిలించినా రాదు.

అలాగని జారిన ప్రతి చిగురుకూ ఆపరేషన్ అక్కర్లేదు. ఏళ్లుగా అక్కడే ఆగిపోయి, బాధ పెట్టనిదాన్ని ఆరు నెలలకోసారి వైద్యులు కొలిచి చూస్తూ ఉంటే చాలు. జారడం పెరుగుతున్నా, జివ్వుమనడం మందులకు తగ్గకపోయినా, పన్ను చుట్టూ గట్టి చిగురు దాదాపు మిగలకపోయినా, నవ్వినప్పుడు కనిపించి మనసు కష్టపెడుతున్నా అప్పుడు గ్రాఫ్ట్ గురించి, అంటే కండ తెచ్చి చిగురు దగ్గర అతికించే శస్త్రచికిత్స గురించి ఆలోచించాలి.

ఈ ఆపరేషన్ విషయంలో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. చిగురు ఎందుకు జారిందో తేల్చకుండా కుర్చీలో పడుకోకండి. కారణం అలాగే ఉంటే కొత్తగా వేసిన చిగురూ అదే దారి పడుతుంది. గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దే అలవాటు మన ఇళ్లలో చాలా ఎక్కువ. పళ్లు ఎంత గట్టిగా తోమితే అంత శుభ్రమని చిన్నప్పటి నుంచి నేర్పారు కదా. దానికి తోడు బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు. కుడిచేత్తో తోమేవారికి ఎడమవైపు కోరపన్ను దగ్గర చిగురు ఎక్కువ అరిగి కనిపించడం తరచూ చూస్తాం. కొందరికి కారణం గార పేరుకుని వచ్చిన చిగుళ్ల జబ్బు. మరికొందరికి వరస తప్పిన పన్ను, కింది పెదవిని చిగురుకు కలిపే నరంలాంటి కండ పట్టు, బుగ్గలో ఒకే చోట ఖైనీ దాచుకునే అలవాటు. కాబట్టి ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే స్కేలింగ్ (పళ్ల మీది గార తీయించడం) పూర్తవ్వాలి. మెత్తని బ్రష్‌కు మారి, చిగురు నుంచి పన్ను కొస వైపు నెమ్మదిగా దొర్లించినట్లు తోమడం చేతికి అలవడాలి. బ్రష్‌ను పిడికిలితో పట్టుకోకండి. పెన్ను పట్టుకున్నట్లు వేళ్లతో పట్టుకుంటే ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది.

వైద్యులను అడగాల్సినవి

మీకు ఏ పద్ధతి చేస్తారో, ఎందుకో అడిగి తెలుసుకోండి. అంగిలి లోపలి పొర నుంచి మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందాన కండ తీసి, జారిన చిగురు కింద పెట్టి కుట్టే గ్రాఫ్ట్ మీద నమ్మకం ఎక్కువ. ఏళ్లు గడిచాకా బాగా నిలిచే పద్ధతి ఇదే. అంగిలి పైపొరతో సహా తీసి అతికించే మరో రకం ఉంది. పలచని చిగురును గట్టిపరచడానికి, ముఖ్యంగా కింది ముందరి పళ్ల దగ్గర, అది బాగా పనికొస్తుంది. అయితే అతికిన చోట రంగు కాస్త వేరుగా కనిపిస్తుంది, అంగిలి మీద పుండు పచ్చిగా ఉండి ఎక్కువ బాధిస్తుంది. చిగురు మందంగా ఉన్నవారికి ఏమీ తీయకుండా ఉన్న చిగురునే వదులు చేసి లాగి కుట్టవచ్చు. అంగిలి నుంచి తీయడం ఇష్టం లేనివారికి సొంత కండకు బదులు పెట్టే, తయారుగా దొరికే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పొరలున్నాయి. వాటికి ఖర్చు ఎక్కువ, వేరు కప్పడంలో సొంత కండకు సాధారణంగా ఒక మెట్టు తక్కువే. కాలిఫోర్నియా దంతవైద్యుడు జాన్ చావో 2012లో ప్రచురించిన పిన్‌హోల్ పద్ధతికి (చిన్న రంధ్రం గుండా చిగురును వదులు చేసి జరపడం) మన నగరాల్లోనూ ప్రచారం బాగా ఉంది. కోత చిన్నదైనంత మాత్రాన అది అందరికీ సరిపోతుందని అనుకోవద్దు.

తప్పక అడగాల్సిన ప్రశ్న మరొకటి: వేరు పూర్తిగా కప్పుతుందా, కొంతవరకేనా? జవాబు రెండు పళ్ల సందులో ఉంటుంది. సందులోని చిగురు, దాని కింది ఎముక చెక్కుచెదరకుండా ఉంటే పూర్తిగా కప్పే అవకాశం బాగా ఉంటుంది. అక్కడి ఎముక కరిగిపోయి ఉంటే ఎంత నేర్పరి చేసినా పాత గీత దాకా రాదు. జారిన చిగుళ్లను తీవ్రతను బట్టి 1985లో మిల్లర్ అనే వైద్యుడు చేసిన వర్గీకరణ నుంచి ఇప్పటిదాకా వైద్యులు చూసేది ముఖ్యంగా దీన్నే. ఎక్స్‌రే చూపించి చెప్పమనండి. ముందే తెలిస్తే తర్వాత నిరాశ ఉండదు. ఈ పని చేసేది చిగుళ్ల విభాగంలో ఎండీఎస్ చేసిన పెరియోడాంటిస్టు. ఖర్చు భారమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో, విజయవాడ, కడప ప్రభుత్వ దంత కళాశాలల్లో చూపించుకోవచ్చు.

ఒంటి సంగతులు దాచవద్దు

షుగర్ ఉన్నవారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుని వెళ్లండి. 7 దగ్గర ఉంటే ధైర్యంగా ముందుకు వెళ్లవచ్చు. 8 దాటితే వాయిదా వేయమని చాలామంది వైద్యులు చెబుతారు, విసుక్కోకండి. గుండెకు స్టెంట్ వేసి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతున్నవారు రక్తం కారుతుందన్న భయంతో సొంతంగా మందు ఆపడం అన్నిటికంటే ప్రమాదం. నోటిలో రక్తాన్ని ఒత్తిపట్టి ఆపవచ్చు, స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆపాలా వద్దా అన్నది గుండె వైద్యులే చెప్పాలి. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవారికి ముందుగా యాంటీబయాటిక్ ఇవ్వాలి. ఎముకల బలహీనతకు ఏడాదికోసారో ఆరు నెలలకోసారో ఇంజెక్షన్ తీసుకుంటున్న అమ్మలు, అమ్మమ్మలు దాన్ని పంటి వైద్యులకు చెప్పాల్సిన మందుగా అనుకోరు. తప్పకుండా చెప్పాలి, దవడ ఎముక మానడంపై దాని ప్రభావం ఉంటుంది. గర్భిణులు కాన్పు తర్వాత చేయించుకోవచ్చు, దీనికి తొందర లేదు.

పొగాకు గురించి మెత్తగా చెప్పలేను. సిగరెట్, బీడీ, చుట్ట, ఖైనీ ఏదైనా రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. రక్తం అందని గ్రాఫ్ట్ చచ్చిపోతుంది. కనీసం రెండు మూడు వారాల ముందు వదిలేసి, పుండు పూర్తిగా మానేదాకా తాకకూడదు. ఆ మాట నిలబెట్టుకోలేనివారు ఆపరేషన్ తేదీ తీసుకోకపోవడమే మేలు. శ్రీకాకుళం, విశాఖ తీరాన నిప్పు నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ పీల్చేవారి అంగిలి మీద తెల్లటి మచ్చలు, పుండ్లు వస్తాయి. కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. అలాంటి అంగిలిని ముందు పరీక్ష చేయించాలి, గ్రాఫ్ట్ సంగతి ఆ తర్వాతే.

తేదీ ఎంచుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. రెండు వారాల్లో పెళ్లి, సంక్రాంతి, తీర్థయాత్ర ఉంటే వద్దు. జంతికలు, అరిసెలు కళ్ల ముందుంటే నోరు కట్టుకోవడం కష్టం. కఠిన ఉపవాసాల రోజుల్లోనూ వద్దు, మందులు ఖాళీ కడుపున పడవు. విదేశాల నుంచి సెలవు మీద వచ్చేవారు మొదటి వారంలోనే చేయించుకోవాలి. కుట్లు 10 నుంచి 14 రోజులకు విప్పుతారు. విమానం ఎక్కేముందు అది జరిగిపోవాలి.

మొదటి రెండు వారాలు

మత్తు నోటికే ఇస్తారు కనుక, వైద్యులు వద్దంటే తప్ప తేలికగా తిని వెళ్లండి. తోడుగా ఒకరుంటే మంచిది. అంగిలికి కట్టే పలచని ప్లాస్టిక్ పలక ముందే చేయించుకుంటే తర్వాత తినడం చాలా సులువవుతుంది.

కొత్తగా పెట్టిన కండకు మొదటి ఒకటి రెండు రోజులు సొంత రక్తప్రసరణ ఉండదు. చుట్టూ ఊరే ద్రవంతోనే బతుకుతుంది. ఆ తర్వాతే సన్నని రక్తనాళాలు అందులోకి పాకుతాయి. నాటిన నారు వేరు పట్టేదాకా మడిలో దిగి కదపం కదా, ఇదీ అంతే. పెదవి పైకెత్తి అద్దంలో చూసుకోవడం, బంధువులకు చూపించడం, నాలుకతో తడిమి చూడటం వల్ల పోయిన గ్రాఫ్టులు ఉన్నాయి. ఎంత కుతూహలంగా ఉన్నా చూడకండి. మొదటి రోజు పుక్కిలించవద్దు, గట్టిగా ఉమ్మవద్దు, స్ట్రాతో తాగవద్దు. బుగ్గ మీద ఐస్ గుడ్డలో చుట్టి పావుగంట పెట్టి, పావుగంట తీయండి. తల కాస్త ఎత్తులో పెట్టుకుని పడుకోండి. వాపు రెండో మూడో రోజుకు పెరిగి తర్వాత తగ్గుతుంది, కంగారు పడకండి.

చల్లారిన పెరుగన్నం, రాగి జావ, మెత్తగా ఉడికిన పప్పు, ఇడ్లీ, అరటిపండు తినవచ్చు, ఆపరేషన్ కాని వైపు నమలాలి. ఒక చిన్న విషయం ఎవరూ చెప్పరు: పెరుగన్నంలో తాలింపు వేయకండి. ఆవగింజ, మిరప గింజ వెళ్లి కుట్టు దారం కింద ఇరుక్కుంటే తీయడానికి దాన్ని కదపక తప్పదు. ఆవకాయ, పొగలు కక్కే కాఫీ, నువ్వులు, అటుకులు పక్కన పెట్టండి. లవంగనూనె, పసుపు ముద్ద, ఆయిల్ పుల్లింగ్ ఆ పుండు దగ్గరికి రానివ్వవద్దు.

ఆ చోట బ్రష్ పెట్టమని వైద్యులు చెప్పేదాకా పెట్టకూడదు. బదులుగా నోటిలోని క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ ద్రవాన్ని రెండు పూటలా నోట్లో పోసుకుని, బుగ్గలు ఊపకుండా తల మాత్రం అటూ ఇటూ వంచి, నోరు తెరిచి దానంతట అది కారిపోనివ్వండి. మిగతా పళ్లు పేస్టుతో తోమాక అరగంట ఆగి వాడండి, వెంటవెంటనే వాడితే మందు బలం తగ్గుతుంది. పళ్ల మీద గోధుమ రంగు మరకలు పడతాయి, తర్వాత శుభ్రం చేస్తే పోతాయి.

అంగిలి నుంచి రక్తం వస్తే తడిపిన శుభ్రమైన గాజుగుడ్డను మడతపెట్టి బొటనవేలితో 15 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. నిమిషానికోసారి తీసి చూస్తే ఆగదు. అలా రెండుసార్లు చేసినా ఆగకపోతే రాత్రి అయినా వైద్యులకు ఫోను చేయండి. మూడో రోజు తర్వాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, జ్వరం, చీము, మింగడంలో కష్టం కనిపించినా, గ్రాఫ్ట్ కదులుతున్నట్లు అనిపించినా అంతే. పైపొరతో అతికించిన గ్రాఫ్ట్ మొదటి వారంలో తెల్లగా, పొర ఊడుతున్నట్లు కనిపించడం మామూలే. దాన్ని గోటితో గీకి తీయకండి. కుట్లు విప్పాక చిగురు ఎత్తుగా, ఎర్రగా ఉన్నా తుది రూపానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఈలోపు వైద్యులు రమ్మన్న ప్రతిసారీ వెళ్లి, చిగురు గీత కొలిపించుకోండి, వారి ముందే బ్రష్ పట్టి ఎలా తోముతున్నారో చూపించండి.